నా ప్రార్థనకే జవాబు లేదు, ఇంకొకరికి ఏ మొహంతో సువార్త చెప్పను?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమీర్‌పేట హాస్టల్లో ఉండి మూడేళ్లుగా ఉద్యోగం కోసం ప్రార్థన చేస్తున్నారు, రాలేదు. ఈ మధ్య ప్రార్థనకు కూర్చుంటే మాటలే రావడం లేదు. ఇంతలో సంఘంలో యవ్వనస్థులందరినీ స్నేహితులకు సువార్త చెప్పమంటున్నారు. రూమ్మేట్‌కి ఏ మొహంతో చెప్పాలని అడిగారు. ఇదే ప్రశ్నతో నేను ఆరేళ్లు బతికాను. అందుకే మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది మెట్టుగూడ. 2012లో అమ్మకి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. తెల్లవారుజామున ఐదున్నరకే ఆటో ఎక్కేవాళ్లం. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో కొలత ఉంటుంది. ఎండాకాలంలో అమ్మ ఒక ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని దాహం తీర్చుకునేది. మొదటి సంవత్సరం మా ప్రార్థన ఒక్కటే: ప్రభువా, కిడ్నీలు బాగుచెయ్యి. ఉపవాసాలున్నాం. మెదక్ చర్చికి వెళ్లి మోకరించి వచ్చాం. రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ముందు కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ అంకె చూసేదాన్ని. అది తగ్గేది కాదు.

ఒక బోధకుడు ఇంటికొచ్చి, డయాలసిస్ మానేసి విశ్వాసంతో నిలబడితేనే స్వస్థత అన్నాడు. మానేస్తే కొన్ని రోజుల్లోనే ప్రాణం పోతుందని డాక్టర్లు మాకు ముందే చెప్పారు. నాన్న ఆయన్ని మర్యాదగానే పంపించేశారు, మళ్లీ గుమ్మం ఎక్కనివ్వలేదు. మీకూ ఎవరైనా "నీ విశ్వాసం తక్కువ కాబట్టే ఉద్యోగం రాలేదు" అంటే ఆ మాట గుండెలో పెట్టుకోకండి. తనను బాధపెడుతున్న "శరీరంలోని ముల్లు" తీసెయ్యమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు ప్రభువుని వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. పౌలుకి విశ్వాసం తక్కువని ఎవరంటారు?

తర్వాత జీవన్‌దాన్‌లో అమ్మ పేరు నమోదు చేయించాం. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు వాళ్ల కుటుంబం ఒప్పుకుంటే వరుసలో ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రభుత్వ పథకం అది. మా ప్రార్థన మారింది: ప్రభువా, ఒక్క ఫోన్ రానివ్వు. ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. ఒక కిడ్నీ ఉంది, ఇంకొకరిని కూడా పిలుస్తున్నాం, వెంటనే రండి అన్నారు. పరీక్షలన్నీ చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి ఆ రెండో ఆమెకే సరిపోయిందని చెప్పారు. నేను కారిడార్‌లో కూర్చుండిపోయాను. ఆ క్షణంలో దేవుడి మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ కళ్లు మూసుకుని నెమ్మదిగా ప్రార్థన చేసింది. ముందు, కిడ్నీ ఇచ్చిన ఆ ఇంట్లో ఏడుస్తున్నవాళ్ల కోసం. తర్వాత ఆపరేషన్ బల్ల మీదున్న ఆమె కోసం, కొత్త కిడ్నీ ఆమె ఒంటికి పట్టాలని. తన గురించి ఒక్క మాట అడగలేదు. నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు, ఇంటికెళ్లి పడుకున్నాను. కానీ ప్రార్థన అంటే ఏమిటో నేను నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ ఆటోలోనే.

లూకా సువార్త 18వ అధ్యాయంలో న్యాయం కోసం న్యాయాధిపతి దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చిన విధవరాలి కథ మీకు తెలిసే ఉంటుంది. విసిగిస్తూనే ఉంటే చివరికి దొరుకుతుందని చాలామంది బోధిస్తారు. అక్కడున్న న్యాయాధిపతి అన్యాయస్థుడు, దేవుడు అలాంటివాడు కాదని చెప్పడానికే యేసు ఆ మనిషిని తీసుకున్నాడు. కథ చివర ఆయనే ఒక ప్రశ్న అడుగుతాడు: మనుష్యకుమారుడు, అంటే తాను, వచ్చేటప్పటికి భూమి మీద విశ్వాసం కనిపిస్తుందా అని. అంటే ఆయన వెతికేది ఆ రోజుకీ ప్రార్థన మానకుండా ఉన్న మనుషుల్ని. మీకు మాటలు రాని రోజున 13వ కీర్తన పైకి చదవండి. "ఎంతకాలం" అని నాలుగుసార్లు నిలదీసే కీర్తన అది. నిలదీయడమూ ప్రార్థనే. డయాలసిస్ నుంచి వచ్చి నీరసంగా పడుకున్న రోజుల్లో అమ్మ ఆ కీర్తన మాత్రం చదివించుకునేది.

ఇంకో సంగతి, ఒంటరిగా చేయకండి. మా సంఘం స్త్రీల సమాజం నుంచి ఇద్దరు పెద్దమ్మలు ప్రతి గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చేవారు. నేను కోపంతో నోరు తెరవని వారాల్లో వాళ్లే నా తరఫున ప్రార్థించారు. మూడేళ్లు ఒక్కరే మోశారంటే మీరు అలిసిపోవడంలో వింతేముంది?

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. కొలొస్సయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో, ప్రార్థనలో నిలకడగా ఉండమన్న వెంటనే, మా కోసం కూడా ప్రార్థించమని పౌలు అడుగుతాడు. అప్పుడాయన సంకెళ్లలో ఉన్నాడు. అయినా జైలు తలుపు తెరుచుకోవాలని అడగమనలేదు, వాక్యం చెప్పడానికి తలుపు తెరుచుకోవాలని అడగమన్నాడు. తన ప్రార్థనలన్నీ నెరవేరిన తర్వాత సాక్ష్యం చెప్తానని ఆగలేదు. ఆ కిందే మాట ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలని, ఎవరికి ఎలా జవాబివ్వాలో తెలిసి ఉండాలని రాశాడు. 'జవాబు' అన్నాడంటే అవతలివాళ్లు ఏదో అడిగి ఉండాలి. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో కూడా, నీ నిరీక్షణకు, అంటే నీలో ఉన్న ఆశకు, కారణం అడిగేవాళ్లకు సాత్వికంతో సమాధానం చెప్పమనే ఉంది.

నేను దీనికి పూర్తిగా ఎదురు చేశాను. అమ్మకి జబ్బు రాకముందు, ఆఫీసులో ఒకాయన తండ్రి చనిపోయి పదిరోజులు కాకముందే ఆయన చేతిలో నిత్యజీవం గురించిన కరపత్రం పెట్టాను. నా ఉద్దేశం మంచిదే. ఆయనకి మాత్రం తన దుఃఖాన్ని నేను వాడుకున్నట్టు అనిపించింది, నెలల తరబడి మాట్లాడలేదు. తర్వాత క్షమాపణ అడిగాను. ఆయన "మా నాన్న గురించి ఒక్క మాటైనా అడిగి ఉంటే బాగుండేది" అన్నారు.

మా అమ్మమ్మది ఒంగోలు ప్రాంతం. అక్కడ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు దాని మీద మోకరించారు. తెలుగువాళ్ల మధ్య నడుస్తున్న ఆ మిషనరీ పనిని మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. అదే మిషన్‌కి చెందిన క్లౌ దొరగారు ఒంగోలులో పనిచేయడానికి స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఐదుగురి నుంచి ఈ అంకె దాకా 24 ఏళ్లు. దీన్ని అందరూ చెప్తారు గానీ, అమ్మమ్మ చెప్పిన ఇంకో ముక్క నాకు ఎక్కువ ఇష్టం. 1876 నుంచి మహా కరువు. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించారు. ఆ కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం విశ్వాసంలోకి రాకూడదని. ఆకలితో ఉన్నవాడి ముందు ఎలా ఉండాలో ఆయనకు తెలుసు. ఆ ఆఫీసు మిత్రుడి విషయంలో నాకు తెలియలేదు.

అమ్మకి తెలుసు. డయాలసిస్‌లో పక్క బెడ్ మీద భువనగిరి నుంచి వచ్చే ఒకావిడ ఉండేది. రెండేళ్లు అమ్మ ఆమెకు మందుల గురించి, ఆమె కూతురి పెళ్లి సంబంధాల గురించి తప్ప ఏమీ చెప్పలేదు. బైబిలు మాత్రం ఒళ్లో ఉండేది. ఆ రాత్రి కిడ్నీ చేయి దాటిపోయిన వారమే ఆవిడ అడిగింది: "ఇన్నేండ్ల సంది అడుగుతున్నవ్ గదక్కా, ఇయ్యలే. మల్ల గా పుస్తకం ఎందుకు తెరుస్తవ్?"

అమ్మ కాసేపాగి చెప్పింది: "రాత్రి భయమేసి నిద్ర పట్టలేదమ్మా. లేచి ఆయనతో చెప్పుకున్నాను. ఒక్కదాన్నే ఉన్నాననిపించలేదు. కిడ్నీ ఇచ్చాడని ఎట్లా చెప్తాను, ఇవ్వలేదు కదా. తోడున్నాడని మాత్రం చెప్తాను."

"అయితే నా బిడ్డ పెండ్లి గురించి గూడ చెప్పు" అంది ఆవిడ. ఆ రోజు నుంచి మా గురువారం ప్రార్థనలో ఆ అమ్మాయి పేరు చేరింది. ఆవిడ యాదగిరిగుట్ట మొక్కు మానలేదు, అమ్మ మానమననూ లేదు. కానీ ప్రతి శుక్రవారం డయాలసిస్ మెషీన్ తిరుగుతుంటే "ఇయ్యాల ఏం సదివినవక్కా" అని అడిగేది. అమ్మ వినిపించేది.

2018 జూలైలో అమ్మ వెళ్లిపోయింది. కిడ్నీ రాలేదు. ఆవిడ, అప్పటికి పెళ్లయిన కూతురు, ఇద్దరూ వచ్చారు. పెట్టె మూసేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని "మీ అమ్మ సదివే ముక్క సదువు బిడ్డా" అంది. 121వ కీర్తన చదివాను. పక్కన కూర్చుని పూర్తిగా వింది.

అందుకే మీ రూమ్మేట్‌కి ఉద్యోగం వచ్చిన తర్వాతే చెప్పాలనుకోకండి. మీరు మూడేళ్లుగా పరీక్షలు రాయడం, ఫలితాల రోజు మొహం, అయినా ఆదివారం పొద్దున్నే లేచి వెళ్లడం అతను చూస్తూనే ఉన్నాడు. ఏదో ఒక రాత్రి అడుగుతాడు. అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, టెన్షన్ పడిన సంగతితో సహా. అంతవరకు అతని ఇంటి విషయాలు అడగండి, వాటి కోసం ప్రార్థించండి.

గురువారం ప్రార్థన మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, సాయంత్రం ఏడింటికి. ఆ ఇద్దరు పెద్దమ్మల్లో ఒకరే మిగిలారు, ఆమె వస్తారు. అమ్మ నోటు పుస్తకంలో ఖాళీ పేజీలున్నాయి. మీ పేరు చెప్పనక్కర్లేదు, "అమీర్‌పేట హాస్టల్, ఉద్యోగం" అని రాసుకున్నాను.