మయలిన్‌ను మజ్జ అనవచ్చా?

సందేహం: మా మేనల్లుడికి షార్కో–మారీ–టూత్ జబ్బు. పాదాల పట్టు తగ్గుతోంది. ఒక పత్రికలో దీన్ని 'మజ్జ మాంసకృత్తి జన్యులోపం' అన్నారు. అది చదివి ఇంట్లోవాళ్ళు ఎముక మూలుగ మార్పిడి గురించి ఆరా తీస్తున్నారు. మయలిన్‌ను మజ్జ అనవచ్చాండీ? — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీవాళ్ళకు చెప్పండి, ఈ జబ్బు నరాల మీద మయలిన్ అనే తొడుగుది, ఎముక మూలుగది కాదు.

అలాగని అనువాదకుడు ఆ మాటను గాల్లోంచి పట్టుకురాలేదు. 1854లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పెట్టిన పేరు మయలిన్. దాని మూలం గ్రీకు 'మ్యూఎలోస్', అంటే మూలుగ. వెన్నెముక లోపల ఉన్నదాన్నీ గ్రీకులు మూలుగే అన్నారు. మనవాళ్ళకు అది పాములా తోచి వెన్నుపాము అయింది. పోలియో పూర్తి పేరు పోలియోమైలైటిస్. అందులో 'పోలియోస్' బూడిదరంగు, 'మ్యూఎలోస్' వెన్నుపాము. వెన్నుపాములోని బూడిదరంగు భాగానికి వచ్చే వాపు అది. మనం రంగును ఉంచుకొని జబ్బును వదిలేశాం!

పుట్టుకకు మజ్జే అయినా మయలిన్ ఉండే చోటు వేరు. అమరకోశం వనౌషధివర్గంలో చెట్టు సారానికి మజ్జ అని చెప్పి, ఆ వెంటనే పై బెరడుకు త్వక్కు, వల్కం, వల్కలం అని చెప్పాడు అమరసింహుడు. లోపలిది మజ్జ, పైది వల్కలం. నరపు పోగు చుట్టూ పొరలు పొరలుగా చుట్టుకునే మయలిన్ వల్కలమే కదా! సప్తధాతువుల్లో అస్థి తర్వాత వచ్చే మజ్జ పేరు దీనికి పెడితే, మీ ఇంట్లో పుట్టిన అపోహే ప్రతి ఇంట్లోనూ పుడుతుంది.

నన్ను మరీ నొప్పించింది 'లోపం'. ఈ జబ్బున్న వారిలో ఎక్కువమందికి 17వ క్రోమోజోములో, మయలిన్‌లోని ఒక మాంసకృత్తిని తయారుచేయించే పీఎంపీ22 జన్యువున్న ముక్క రెండుసార్లు పడుతుంది. తల్లిదొకటి, తండ్రిదొకటి, మొత్తం రెండు ఉండవలసిన జన్యువులు మూడవుతాయి. ఎక్కువైనదాన్ని లోపమంటారా? ఆగమం, ఆదేశం, లోపం వేరువేరని సంధులు చదివిన పిల్లలకు తెలుసే! ఇది ద్విరుక్తి. అదే ముక్క ఒకటి రాలిపోతే అది లోపం, దాని జబ్బూ వేరు: కాస్త ఒత్తిడికే నరం మొద్దుబారుతుంది. మెదడు మయలిన్‌కు కావలసిన పీఎల్‌పీ1 జన్యువుదీ ఇదే కథ. మెదడులో మయలిన్ సరిగా ఏర్పడని పెలిజియస్–మెర్జ్‌బాకర్ జబ్బుకు ఎక్కువగా కనిపించే కారణం దాని ద్విరుక్తే. ఆరోగ్యపుటల వారు ప్రతిదానికీ లోపమని ముద్ర వేయడం మానాలి.

మాంసకృత్తి అన్నా ప్రొటీన్ అన్నా నాకు అభ్యంతరం లేదు. మయలిన్‌ను 'మయలిన్ తొడుగు' అంటే చాలు. 'నరపు బెరడు' నాకిష్టమే కానీ, మెదడు పైపొరకు మస్తిష్క వల్కలమనే పేరు ఇప్పటికే ఉంది. రెండూ కలగలిసిపోతాయేమోనని గట్టిగా చెప్పలేకపోతున్నాను.