ఫలితం ముందే తెలిసిపోతే మ్యాచ్‌కి ఎవరొస్తారు?

ఈసారి ఆటల శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో మొదటిది చదివాక పక్కన పెట్టలేకపోయాను. మారతహళ్ళిలో ఉంటూ ఐర్లండ్ ఆటల గురించి ఇంత బెంగపడే తెలుగు మాస్టారు ఉన్నారంటే నాకు చాలా సంతోషమేసింది. అందుకే ఎక్కువ చోటు ఆయనకే ఇచ్చాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. టీచరుగా రిటైరయ్యాక బెంగళూరు మారతహళ్ళిలో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. అమ్మాయి, అల్లుడు డబ్లిన్‌లో ఉంటారు. 2024 మే నెలలో అక్కడున్నప్పుడు అల్లుడు నన్ను క్రోక్ పార్క్‌కి గేలిక్ ఫుట్‌బాల్ చూడ్డానికి తీసుకెళ్ళాడు. డబ్లిన్‌కీ లౌత్‌కీ ఫైనల్ అన్నాడు. ఫైనల్ అంటే ఇసకేస్తే రాలదనుకున్నాను, తీరా చూస్తే పైన వరసలకి వరసలు ఖాళీ సీట్లు. మనసు ఉసూరుమంది. నా మనవడు అక్కడి స్కూల్లో హర్లింగ్ నేర్చుకుంటున్నాడు. జనమే రాని ఆటలో పిల్లాడిని ఉంచడం మంచిదేనా? అసలు ఎందుకు రావడం లేదు?

జవాబు: మాస్టారూ, ముందు మీ భయం తీరుస్తాను. ఆట చచ్చిపోవడం లేదు, మనవడిని మాన్పించకండి. కానీ మీరు చూసిన ఖాళీ సీట్లు మాత్రం నిజం, ఆ ఆటని ప్రాణంగా చూసుకునే ఐరిష్ వాళ్ళు చాలా ఏళ్ళుగా వాటి గురించే బాధపడుతున్నారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. గేలిక్ ఫుట్‌బాల్, కర్రతో ఆడే హర్లింగ్, అదే ఆటని ఆడవాళ్ళు ఆడే కమోగీ, ఇవన్నీ ఐర్లండ్ సొంత ఆటలు. వీటిలో మొదటి రెండూ చూసుకునే సంఘాన్ని జీఏఏ అంటారు, అది 1884 నవంబర్ 1న థర్లెస్ అనే ఊళ్ళో ఒక హోటల్లో పుట్టింది. ఆటగాళ్ళకి జీతాలుండవు, ఐపీఎల్‌లో లాగా వేలంపాట ఉండదు, సొంత ఊరి క్లబ్బుకీ, బాగా ఆడితే సొంత కౌంటీకీ ఆడతారు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. క్రోక్ పార్క్‌లో 82,300 మంది పడతారు, అంటే మన చిన్నస్వామికి రెండింతలు.

మీరు చూసింది దేశం మొత్తానికి ఫైనల్ కాదు, తూర్పున ఉన్న లెన్‌స్టర్ ప్రాంతానికి ఫైనల్. ఆ కప్పుని డబ్లిన్ 2011 నుంచి ఎవరికీ వదల్లేదు, మీ కళ్ళ ముందు గెలిచింది వరుసగా 14వది. డబ్లిన్ కౌంటీలో 14 లక్షలకి పైగా జనం, లౌత్‌లో లక్షా నలభై వేలు కూడా లేరు. మధ్యలో 2015 నుంచి 2020 దాకా ఆరేళ్ళు అఖిల ఐర్లండ్ కప్పు కూడా డబ్లిన్‌దే. ఇక చెప్పండి, ఎవరు వస్తారు? డబ్లిన్ వాళ్ళేమో ఎలాగూ గెలుస్తాం, పెద్ద మ్యాచులు మొదలయ్యాక వెళ్దాం అనుకుంటారు, అవతలి కౌంటీ వాళ్ళకి ఆదివారం పూట పెట్రోలు పోసుకుని పిల్లాజెల్లాతో వెళ్ళి ఓడిపోవడం చూసి రావడానికి మనసొప్పదు. వాళ్ళ తప్పేముంది?

రెండో సంగతి, ఓడినా ఏమీ కాకపోవడం. 2000 దాకా గేలిక్ ఫుట్‌బాల్లో ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. 2001లో ఓడిన జట్లకి రెండో అవకాశం ఇచ్చారు. చిన్న కౌంటీలకి మేలు చేద్దామనే మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అది పోనుపోను ఎక్కడిదాకా వచ్చిందంటే, 2023 నుంచి 2025 దాకా ఏటా 16 జట్లని నాలుగు గ్రూపులు చేసి 24 మ్యాచులు ఆడించారు, అన్నీ అయ్యాక ఇంటికి పంపింది నాలుగు జట్లని. 24 మ్యాచులకి నాలుగంటే నాలుగు! అలాంటి మ్యాచ్ ఓడినా వచ్చే వారం ఇంకోటి ఉంటుంది కదా అని మనిషి ఇంట్లోనే ఉండిపోతాడు.

అప్పట్లో ఎలా ఉండేదో ఒక్కటి చెప్తాను, నాకు మహా ఇష్టమైన కథ. 1991లో అదే లెన్‌స్టర్ పోటీలో, ఫైనల్ కూడా కాదు, మొదటి రౌండులో డబ్లిన్‌కీ పక్కనున్న మీత్‌కీ మ్యాచ్ పడింది. సమం అయింది. మళ్ళీ ఆడారు, సమం. మూడోసారి కూడా సమం. నాలుగోసారి ఇంకో రెండు మూడు నిమిషాలుందనగా డబ్లిన్ మూడు పాయింట్లు ముందుంది. అప్పుడు మీత్ వాళ్ళు తమ గోల్ గీత దగ్గర్నుంచి బంతిని చేతులు మార్చుకుంటూ అటు చివరిదాకా తెచ్చారు, గోల్ కొట్టింది ఫార్వర్డ్ కాదు, అంతకుముందు మీత్ తరఫున గోలన్నదే కొట్టని డిఫెండర్ కెవిన్ ఫోలీ. ఈ ఆటలో గోలుకి మూడు పాయింట్లు, బంతి అడ్డకర్ర పైనుంచి వెళ్తే ఒకటి, అంటే స్కోరు సమం. ఆ వెంటనే డేవిడ్ బెగ్గీ ఒక పాయింటు కొట్టాడు, అంతే, మీత్ గెలిచింది. స్కోరు 2-10, 0-15 అని రాస్తారు, ముందుది గోల్సు, తర్వాతది పాయింట్లు, లెక్కేసుకుంటే 16, 15. ఆ నాలుగు మ్యాచులకీ కలిపి వచ్చిన జనం 2 లక్షల 37 వేలు. మొదటి రౌండుకి! ఓడితే అంతే సంగతులు కాబట్టి వచ్చారు.

ఇంకొకటి ఆట తీరు. మధ్యలో కొన్నేళ్ళు ఫుట్‌బాల్ జట్లు పన్నెండు పదముగ్గురిని తమ గోలు ముందు గోడలా నిలబెట్టడం, బంతిని చేత్తో వెనక్కీ పక్కకీ అందించుకుంటూ కాలం గడపడం మొదలుపెట్టాయి. నేను ఇంట్లో ఫోన్లో చూస్తేనే నిద్రొచ్చేది, డబ్బు పెట్టి వెళ్ళినవాళ్ళ మాట వేరే చెప్పాలా? చివరికి డబ్లిన్ మాజీ కోచ్ జిమ్ గావిన్‌ని పెద్దగా పెట్టి కమిటీ వేశారు, 2025లో రూల్సు మార్చారు. ఎప్పుడూ ముగ్గురైనా అవతలి సగంలో ఉండి తీరాలి, 40 మీటర్ల గీత బయట్నుంచి బంతిని పైనుంచి కొడితే రెండు పాయింట్లు. ఆట ఒక్కసారిగా పరుగందుకుంది.

మాస్టారూ, మీరు ఒక్క ఏడాది ఆగి వెళ్ళాల్సింది! 2025 ఏప్రిల్లో మీత్ చేతిలో డబ్లిన్ ఓడింది. మే నెలలో అదే క్రోక్ పార్క్‌లో అదే ఫైనల్, లౌత్‌కీ మీత్‌కీ. 65 వేల మందికి పైగా వచ్చారు. లౌత్ 3-14, మీత్ 1-18, అంటే రెండు పాయింట్ల తేడాతో లౌత్ గెలిచింది, 1957 తర్వాత వాళ్ళకి ఇదే మొదటి లెన్‌స్టర్ కప్పు. తాతల కాలం నుంచి ఎదురుచూసిన కప్పు. మీరు చూసిన ఖాళీ సీట్లలోనే ఈసారి ఎర్ర చొక్కాలతో ఆ జనం కూర్చున్నారు. ఆట మీద ప్రేమ పోలేదండీ, వెళ్ళడానికి కారణం లేకుండా పోయింది, అది దొరగ్గానే వచ్చేశారు.

ప్రశ్న: నేను వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, మ్యాచులన్నీ ఆన్‌లైన్‌లోనే చూస్తాను. ఐర్లండ్‌లో కూడా ఇంట్లో చూడ్డం అలవాటై స్టేడియాలు ఖాళీ అవుతున్నాయేమో కదా?

జవాబు: కొంతవరకే అమ్మా. అక్కడ డబ్బు కట్టి చూసే ఆన్‌లైన్ ప్రసారం ఉంది, 2023లో మంచి హర్లింగ్ మ్యాచులు కొన్ని అందులోనే పెట్టారని పెద్ద గొడవైంది, రాజకీయ నాయకులు కూడా మాట్లాడారు. కానీ దక్షిణాన ఉన్న మన్‌స్టర్ ప్రాంతపు హర్లింగ్ చూడండి. కార్క్, లిమరిక్, క్లేర్, టిప్పరరీ, వాటర్‌ఫర్డ్ ఐదు కౌంటీలు, ఏ జట్టునీ తేలిగ్గా తీసుకోలేరు, అవీ తెర మీద వస్తాయి, అయినా టికెట్లు దొరకని రోజులున్నాయి. కాబట్టి తెర ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది టికెట్ సంగతి. కోవిడ్ తర్వాత అక్కడ చాలావరకు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాల్సి వస్తోంది, గేటు దగ్గర నోటు ఇచ్చి లోపలికి వెళ్ళే అలవాటు పోతోంది. యాభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున లేచి, వాన లేకపోతే వెళ్దాం అనుకునే పల్లెటూరి పెద్దాయన యాప్‌లో ఏం తంటాలు పడతాడు? పూర్వం తండ్రులు గేటు దగ్గర తిరిగే ఇనప కడ్డీ మీదుగా పిల్లల్ని చంకలు పట్టుకుని ఎత్తి అవతల దించేవాళ్ళు, పిల్లలకి టికెట్ అడిగేవాళ్ళు కాదు. జాతరలో మా నాన్న నన్ను భుజాన ఎత్తుకుని ఎడ్ల బండలాగుడు చూపించినట్టే అనిపిస్తుంది నాకది. ఆ పిల్లలే పెద్దయ్యాక తమ పిల్లల్ని ఎత్తారు. ఆ వరస ఒకచోట తెగితే తర్వాత ఎన్ని ఆఫర్లు పెట్టినా అతకడం కష్టం.

ప్రశ్న: ఆటగాళ్ళకి జీతాలిచ్చి ప్రొఫెషనల్ చేస్తే జనం వస్తారు కదా సార్? (యలహంక నుంచి ఒక విద్యార్థి)

జవాబు: రారు బాబూ. నిన్న స్కూల్లో పాఠం చెప్పిన సారు, మొన్న పక్కింట్లో కరెంటు పని చేసిన కుర్రాడు ఆదివారం కౌంటీ చొక్కా వేసుకుని దిగుతాడు, అందుకే వెళ్తారు. వాడు మనవాడు. జీతం వచ్చిన మరుక్షణం డబ్బున్న కౌంటీ వాడిని కొనేసుకుంటుంది, లౌత్ లాంటి చిన్న కౌంటీకి ఏం మిగులుతుంది?

ప్రశ్న: ఐర్లండ్ దాకా ఎందుకండీ, మన చిన్నస్వామిలో రంజీ మ్యాచ్‌కి ఎంతమంది వస్తున్నారు? హొరమావు నుంచి రాస్తున్నాను, పోయిన సీజన్లో వెళ్తే మా స్టాండులో వందమంది కూడా లేరు.

జవాబు: మీరన్నది నిజం, నేనూ చూశాను. మామూలుగా టికెట్టు కూడా ఉండదు, అయినా ఖాళీ. వారం మధ్యలో పొద్దున తొమ్మిదిన్నరకి మొదలయ్యే ఆటకి ఉద్యోగం చేసుకునేవాడు ఎలా వస్తాడు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ డబ్లిన్ కథ చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన ఊరే. రంజీ ట్రోఫీని బొంబాయి వరుసగా 15 సార్లు గెలిచింది, 1958-59 నుంచి. ఆ వరసని తెంచింది 1974లో ఇదే బెంగళూరులో మన కర్ణాటక జట్టు, సెమీఫైనల్లో. విశ్వనాథ్ 162, బ్రిజేష్ పటేల్ 106, గవాస్కర్‌ని ప్రసన్న బౌల్డ్ చేసిన బంతి గురించి పాత బసవనగుడి వాళ్ళని అడగండి, ఇప్పటికీ చెయ్యి తిప్పి చూపిస్తారు. వాళ్ళంతా ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు.

ఈసారి కర్ణాటకకి ఆంధ్రతో గానీ హైదరాబాద్‌తో గానీ ఇక్కడ మ్యాచ్ పడితే నేను నాలుగో రోజు సెలవు పెడుతున్నాను, ఫలితం తేలేది ఆ రోజే. మీరూ మీ స్టాండు నుంచి ఇద్దరిని తీసుకురండి. మారతహళ్ళి మాస్టారూ, మీరు కూడా.