డొమైన్ అమ్మినవారి పేరునే ఉండిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: 2023 ఏప్రిల్‌లో ఒక పరిచయస్థుడి దగ్గర వెబ్‌సైట్ కొన్నాను. ప్రకటనల ఆదాయం బాగుందని, మంచి పెట్టుబడి అవుతుందని చెప్పాడు. సొంత తమ్ముడిలా నమ్మి, పదవీ విరమణ డబ్బులో చాలా భాగం రెండు విడతలుగా బ్యాంకు ద్వారా పంపాను. డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా పేరు) నా పేరుకు మారాక ఇవ్వాల్సిన పదో వంతు మాత్రం నా దగ్గరే ఉంది. ‘జూన్ 30లోగా డొమైన్ మీ పేరున మార్చేస్తాను’ అని అతను వాట్సాప్‌లో రాశాడు. ఇప్పటికీ మార్చలేదు. గట్టిగా అడిగితే, ఇంకా డబ్బు ఇవ్వకపోతే వేరేవారికి అమ్మేస్తానంటున్నాడు. ఏడాదిన్నర తర్వాత సందర్శకులు సగానికి పడిపోయారు. ఆ లెక్కల్లోనూ మోసం ఉందని నా అనుమానం. అతని డొమైన్ ఖాతా పాస్‌వర్డ్ మొదట్లో నాకు ఇచ్చాడు, అది ఇంకా పనిచేస్తోంది. నేనే లోపలికి వెళ్లి మార్చుకోవచ్చా? చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అతని విశ్వాసఘాతుకం గురించే ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. మీ కేసును తేల్చేది ‘జూన్ 30లోగా’ అన్న ఒక్క మాట.

ఒప్పందాన్ని అమలు చేయించమని కోరే దావాకు కాలపరిమితి చట్టం, 1963లోని 54వ అధికరణ మూడేళ్ల గడువు ఇస్తుంది. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే ఎదుటివారు కుదరదన్న సంగతి మనకు తెలిసిన రోజు నుంచి లెక్క. మీ ఒప్పందంలో తేదీ ఉంది. అతను అడ్డం తిరిగింది నిన్న మొన్నే అయినా లెక్క మాత్రం 2023 జూన్ 30 నుంచే. అంటే 2026 జూన్ 30తో మీ గడువు తీరిపోతుంది. ఉత్తరం రాసేనాటికి మీ చేతిలో ఉన్నది నాలుగు నెలలు. ‘ఇన్నాళ్లూ మొహమాటం కొద్దీ అడగలేకపోయాను’ అని రాశారు. మొహమాటపడ్డవారికి చట్టం అదనంగా ఒక్క రోజు కూడా ఇవ్వదు. నిరుడు అతను పంపిన ‘రెన్యూ చేశాను, పేరు సంగతి తర్వాత చూద్దాం’ అన్న సందేశం బాధ్యతను ఒప్పుకోవడమేనని, అదే చట్టం 18వ సెక్షన్ కింద కొత్త గడువు వస్తుందని వాదించవచ్చు. అది వాదన మాత్రమే. దాన్ని నమ్ముకుని జూన్ దాటించకండి.

ఇక మీరు కొన్నదేమిటో చూద్దాం. మీ చేతికి వచ్చినవి హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ చోటు), వ్యాసాలు, అడ్మిన్ పాస్‌వర్డ్. ఇంటితో పోల్చి చెప్పాలంటే, ఇంట్లో మీరు కాపురముంటున్నారు, దస్తావేజు మాత్రం అమ్మినవారి పేరునే ఉంది. డొమైన్లు నమోదు చేసే సంస్థ (రిజిస్ట్రార్) రికార్డులో రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ హక్కుదారుగా, ఎవరి పేరుంటే డొమైన్ మీద వారి మాటే చెల్లుతుంది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదని, వ్యాపార గుర్తింపుగా దానికి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. వెబ్‌సైట్ విలువంతా ఆ పేరులోనే ఉన్నప్పుడు, అది మారకముందే పదింట తొమ్మిది వంతులు చెల్లించడం పెద్ద అజాగ్రత్త. జీవితకాలపు పొదుపు పెట్టేటప్పుడు కనీసం రెండు పేజీల ఒప్పంద పత్రమైనా రాయించుకోవలసింది.

పాస్‌వర్డ్ జోలికి మాత్రం పోవద్దు. ‘నా వస్తువు నేను తీసుకుంటున్నాను’ అని మీకు అనిపించవచ్చు. ఖాతా అతనిది. మీ మధ్య తగాదా వచ్చాక, అతని అనుమతి లేకుండా అందులోకి వెళితే ఐటీ చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కింద ఫిర్యాదు చేస్తాడు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడితే 66సి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. మీది దురుద్దేశం కాదని మీరు చెప్పుకోవచ్చు, కానీ ముద్దాయిగా నిలబడి చెప్పుకోవలసి వస్తుంది. పైగా అలాంటి పని చేసి వచ్చి ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడిగితే ఏ జడ్జీ సుముఖంగా చూడరు. నేడు గట్టిగా ఉన్న మీ కేసు ఒక్క క్లిక్కుతో పాడవుతుంది.

చీటింగ్ కేసు మీద కూడా ఆశ పెట్టుకోకండి. లావాదేవీ 2023 నాటిది కనుక పాత ఐపీసీలోని 420 వర్తిస్తుంది. మొదటి రోజు నుంచే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. వెబ్‌సైట్ అప్పగించి, డొమైన్‌ను రెన్యూ కూడా చేసిన మనిషి విషయంలో అది చూపడం కష్టం. పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగిన కాలం సివిల్ దావా గడువులోంచి మినహాయింపు కాదన్నది అంతకంటే ముఖ్యం.

సాక్ష్యం విషయంలో మీరు నన్ను నిజంగా కలవరపెట్టారు. ‘జూన్ 30లోగా’ సందేశం స్క్రీన్‌షాట్ పంపారు, కానీ పైన ఉండే ఫోను నంబరునూ తేదీనీ కత్తిరించేశారు. అది ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో అందులో ఏముంది? అసలు సందేశం ఉన్న ఫోనును మార్చకండి, రీసెట్ చేయకండి, ఆ చాట్‌లో ఒక్క అక్షరం చెరపకండి. ఎలక్ట్రానిక్ రికార్డు నకలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంకేతం) కూడా రాయాలి. రెండు చెల్లింపులకూ బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంటు తెచ్చుకోండి.

ముందు పది రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇప్పించండి. మిగిలిన పదో వంతు చెల్లించడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని, ఇప్పుడూ సిద్ధమేనని అందులో స్పష్టంగా ఉండాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్ మిమ్మల్ని అడిగేది అదే. కోపంతో ‘ఇక పైసా ఇవ్వను’ అని రాశారో, కేసు అక్కడే పోతుంది. ఆ సొమ్ము ఖాతాలో ఉంచి, అవసరమైతే కోర్టులో జమ చేయండి. తర్వాత ఒప్పందం అమలుకు, డొమైన్‌ను మూడో వ్యక్తికి బదిలీ చేయకుండా ఇంజంక్షన్‌కు దావా వేయండి. ప్రత్యామ్నాయంగా నష్టపరిహారం కూడా అదే దావాలో అడగాలి. రిజిస్ట్రార్ సంస్థను ప్రతివాదిగా చేర్చితే ఉత్తర్వు రాగానే డొమైన్‌ను కదలకుండా ఆపవచ్చు. డొమైన్ తగాదాలు వాణిజ్య వివాదాల కిందికి వస్తాయి. విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే వాణిజ్య న్యాయస్థానాల చట్టంలోని 12ఎ ప్రకారం దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, నిజంగా అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప. అమ్మేస్తానన్న అతని బెదిరింపును రాతపూర్వకంగా చూపగలిగితే ఆ అత్యవసరం మీకుంది.

సందర్శకుల లెక్కల సంగతి వదిలేయండి. మొదటి ఏడాదిన్నర అంకెలు అతను చెప్పినట్టే ఉన్నాయని మీరే రాశారు. తర్వాత తగ్గితే అది వ్యాపార నష్టం, మోసం కాదు.

కొనే ఆలోచనలో ఉన్న ఇతర పాఠకులు స్క్రీన్‌షాట్లను చూసి డబ్బు పెట్టకండి. సందర్శకుల లెక్కలుండే విశ్లేషణ ఖాతాను స్వయంగా చూసే అనుమతి అడగండి. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఆ సైటు మీద గూగుల్ చర్య ఏదైనా నమోదై ఉందేమో, పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ డొమైన్ ఇంతకుముందు దేనికి వాడారో చూడండి. వ్యాసాలు బయటి రచయితలు రాసినవైతే హక్కులు అమ్మేవాడి దగ్గర ఉన్నాయా అని అడగండి. కాపీరైట్ బదిలీకి సంతకం చేసిన పత్రం ఉండాలి. కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. సొమ్ములో పెద్ద భాగాన్ని ఎస్క్రోలో (షరతు తీరేదాకా మూడో పక్షం దగ్గర) ఉంచి, రిజిస్ట్రెంట్‌గా మీ పేరు కనిపించాకే విడుదల చేయించండి.

మీ డొమైన్ కాలపరిమితి ఎప్పుడు తీరుతుందో మీరు ఎక్కడా రాయలేదు. డొమైన్ల నమోదు వివరాలు చూపే హూయిజ్‌లో అది ఎవరికైనా కనిపిస్తుంది, ఈ రోజే చూడండి. రెన్యూ చేయాలని అతన్ని రాతపూర్వకంగా అడగండి, ఖర్చు మీరే ఇస్తానని చెప్పండి. డాట్‌కామ్ పేరు గడువు దాటి రిజిస్ట్రార్ తొలగించాక, తిరిగి పొందడానికి 30 రోజులే ఉంటాయి. ఆ తర్వాత మరో 5 రోజులకు ఎవరైనా దాన్ని నమోదు చేసుకోవచ్చు. అప్పుడు మీరు దావా గెలిచినా అతను మీకు మార్చి ఇవ్వడానికి డొమైన్ అతని దగ్గర ఉండదు.