ఉభాల్లో (వరి నాట్లలో) మగాళ్లే ముందు అలిసిపోతారెందుకు?
ఒకే మడిలో దిగినా ఆడవాళ్లు సాయంత్రందాకా నిలుస్తారే అని కదా అడిగారు. ఎవరి బలంలో వాళ్లు ఒకే శాతం వాడుతూ గంటల తరబడి చేసే పనిలో, సగటున ఆడవాళ్ల కండరాలు నెమ్మదిగా అలుస్తాయి. వాటిలో ఓర్పున్న ఒకటో రకం కండర పోగుల వాటా ఎక్కువ, ఇంధనంగా కొవ్వునూ ఎక్కువ వాడుకుంటాయి. 80 కిలోల బస్తా ఎత్తాలంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. బలమున్నవాళ్లకి ఆ బరువు తమ బలంలో తక్కువ శాతమే.

మర్నాటి నొప్పికి, పని చేస్తున్నప్పుడు కండరాల్లో తయారయ్యే లాక్టేట్‌ని తిట్టకండి, అది గంటలో పోతుంది. పోగుల్లో పడ్డ సూక్ష్మ గాయాలే కారణం. 24–72 గంటల మధ్య ముదిరి తగ్గుతుంది. ఉప్పేసిన చోడి (రాగి) అంబలి, రాత్రికి పప్పో గుడ్డో, నిద్ర చాలు. నీళ్లు తాగకుండా డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మింగితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు మరీ జాగ్రత్త. మూత్రం డికాషన్ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.