రంగు కన్నా ముందు బట్ట సంగతి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

ఏ రంగులు కొనమంటావని అడిగావు గానీ, ఏ బట్టకు వేస్తావో ఒక్క ముక్క రాయలేదు. ముందు అది తేల్చుకో. అనుమానముంటే అంచున రెండు పోగులు లాగి వెలిగించి చూడు. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తని బూడిద రాలితే నూలు. వెంట్రుకలు కాలిన కంపు కొడితే పట్టో, ఉన్నో. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టరు. దాని జోలికి నువ్వు పోవద్దు. పాలిస్టరుకు రంగు సరిగా పట్టాలంటే 130 డిగ్రీల దాకా వేడి చేసే మూత బిగించిన యంత్రం కావాలి, ఇంటి గిన్నెతో అయ్యే పని కాదు.

నూలైతే నీ అసలు పని ఉతుకులోనే ఉంది. కోరా బట్టలో గంజి, నూనె, పత్తికి పుట్టుకతో వచ్చిన మైనం ఉంటాయి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున వాషింగ్ సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు మరగనివ్వు. నీళ్ళు గోధుమరంగుకు తిరిగితే కంగారుపడకు, పోవలసిందే పోతోంది. జాడించి ఆరేశాక ఒక చుక్క నీళ్ళు వేసి చూడు. చుక్క పూసలా నిలబడితే మళ్ళీ ఉడకబెట్టు. వేసీ వేయగానే ఇంకిపోవాలి. పట్టుకు, ఉన్నికి మాత్రం సోడా తగలనివ్వకు, మెత్తని సబ్బు నీళ్ళు చాలు.

చెట్ల రంగులంటే నీకు మోజని తెలుసు. చెట్టుది కదా అని గుడ్డిగా నమ్మకు, పసుపు ఎండకు నిలవదు. మంజిష్ఠ వేరు ఇచ్చే ఎరుపు నిలుస్తుంది, అయితే దాన్ని బట్టకు పట్టించడానికి పటిక ఉండాలి. నూలును ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో నానబెట్టు. పొడి బట్ట నూరు గ్రాములుంటే పటిక 15 గ్రాములు. పటిక మీద ఎరుపిచ్చే మంజిష్ఠే అన్నభేది అనే ఇనుప లవణం మీద నల్లటి ఊదా ఇస్తుంది. అన్నభేది చిటికెడే వెయ్యి, ఎక్కువైతే బట్ట చివికిపోతుంది. మంజిష్ఠను మరగనిచ్చావో, ఎరుపు కాస్తా మట్టిరంగు.

నీలిమందు దారే వేరు, దానికి పటికతో పనిలేదు. అది మామూలు నీళ్ళలో కరగదు. సున్నమో సోడానో వేసిన తొట్టిలో ప్రాణవాయువును లాగేస్తే అప్పుడు కరుగుతుంది. నీళ్ళు పచ్చగా మారి, పైన రాగి మెరుపుతో తెట్టు కడితే సిద్ధమన్నమాట. బట్టను తడిపి పిండి, బుడగలు లేవకుండా మెల్లగా దించు. పైకి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలిన చోటల్లా నీలం పాకుతుంది. ముదురు నీలం కావాలని మందు గుమ్మరించకు. ముంచు, గాలికి పట్టు, మళ్ళీ ముంచు.

మొదటిసారికి మాత్రం రియాక్టివ్ రంగులే కొనమంటాను. 1956లో బజారుకొచ్చిన ఈ రకం నూలుపోగుతోనే రసాయనికంగా ముడిపడుతుంది. ఉప్పు రంగును పోగువైపు నెడుతుంది, సోడా ముడివేస్తుంది. అందుకే సోడాను బట్ట రంగు పీల్చుకున్నాకే వెయ్యి. ముందే వేస్తే రంగు నీళ్ళతోనే ముడిపడి దండగవుతుంది. ఆఖర్న బాగా వేడి సబ్బు నీళ్ళలో, నీళ్ళు తేటపడేదాకా ఉతుకు. రంగు దిగుతోందని జనం తిట్టుకునేది చాలావరకు ఈ ఉతుకు ఎగ్గొట్టినందుకే.

జానెడు ముక్క మీద వేసి, ఆరాకే రంగు నిర్ణయించుకో, తడిలో ముదురుగా కనిపిస్తుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. రంగు గిన్నెలు మళ్ళీ వంటకు వాడకు.

నీ పెద్దమ్మ