బంగాళాఖాతం కొలువులకు హనుమకొండ నుంచి దారి

ప్రశ్న: మాది హనుమకొండ. బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు కలిసి నడిపే సంస్థల్లో పనిచేయాలనుంది. పీజీలో అంతర్జాతీయ సంబంధాలు తీసుకోవచ్చా?

జవాబు: మీ లక్ష్యం ఇదే అయితే వద్దు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. బంగాళాఖాత దేశాల సహకార కూటమి బిమ్స్‌టెక్‌లో ఏడు దేశాలున్నా ఢాకాలోని సచివాలయం చిన్నది. డైరెక్టర్లను సభ్యదేశాలే పంపుతాయి. ఆ కుర్చీ కావాలంటే ముందు సివిల్స్ రాసి విదేశాంగ శాఖలో చేరాలి. చెన్నైలోని బీఓబీపీ (బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్) భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవుల ఉమ్మడి సంస్థ. చేపల వేట వ్యవహారాలు చూడటం దాని పని కాబట్టి మత్స్యశాస్త్రం చదివినవాళ్లకే అక్కడ ఎక్కువ అవకాశం.

మీ ఎంపీసీకి సరిపోయేది సముద్ర విజ్ఞానం. 2004 సునామీ నాటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. ఇప్పుడు భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలు మిగతా తీర దేశాలకూ సమాచారం పంపుతున్నాయి. మన కేంద్రం ఎక్కడో కాదు, హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). విదేశీ శాస్త్రవేత్తలకు శిక్షణా అక్కడే ఇస్తారు.

తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశపరీక్ష సీపీగెట్ ఒక్కటే రాసి ఊరుకోకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఓషన్ అండ్ అట్మాస్ఫియరిక్ సైన్సెస్ ఎమ్మెస్సీకి కేంద్రీయ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. డిసెంబరు నుంచే నోటిఫికేషన్ కోసం చూడండి. కొచ్చిలోని కుశాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ)కు విడిగా ప్రవేశపరీక్ష ఉంటుంది. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలోనూ కోర్సు ఉంది కానీ, మీరు నాన్‌లోకల్ కాబట్టి సీట్లెన్నో ముందే చూసుకోండి.

ఈలోగా పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, సముద్రంలో తేలే ఆర్గో కొలత పరికరాల (ఫ్లోట్ల) డేటా దించుకోండి, ఉచితమే. ఈ ఫ్లోట్లు సుమారు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తాయి. ఉత్తర బంగాళాఖాతంలో వానాకాలం చివరి ప్రొఫైల్ (లోతును బట్టి కొలతలు మారే గ్రాఫ్) ఒకటి గీయండి. గంగ, బ్రహ్మపుత్ర వరదనీటి వల్ల పైపొరలో ఉప్పు తక్కువ, కింద ఒక్కసారిగా ఎక్కువ కనిపిస్తుంది. ఆ తేలికైన పొర కింది చల్లనీటిని సులువుగా కలవనివ్వదు. తుపాన్లు బలపడటంలో దీని పాత్ర ఏమిటన్నది ఇంటర్వ్యూకు మంచి ప్రశ్న. కొత్తవాళ్లు క్వాలిటీ ఫ్లాగులు (కొలత ఎంత నమ్మదగినదో చెప్పే అంకెలు) చూడకుండానే గీసేస్తారు, గ్రాఫ్‌లో అర్థంలేని ముళ్లు లేస్తాయి. ఫ్లాగ్ 1 ఉన్న కొలతలే తీసుకోండి. లోతు స్థానంలో పీడనం డెసిబార్లలో ఉంటుంది, కంగారుపడకండి. దాదాపు మీటర్లతో సమానమే.

లెక్కలంటే విసుగైతే ఎల్‌ఎల్‌బీ చేసి సముద్ర చట్టం వైపు వెళ్లొచ్చు. భారత్–బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దు తగువు తేలింది 2014లో, మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌లోనే. అయితే ఆ రంగంలో నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట ముందే చెప్పండి: ఈ రంగంలో తొలి కొలువులు ఎక్కువగా ప్రాజెక్టు కాంట్రాక్టులే. ప్రాజెక్టు ముగిస్తే పనీ ముగుస్తుంది. అందుకే ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే నెట్ లేదా గేట్ రాసిపెట్టుకోండి.