బ్యాంకాక్‌లో మొదటి రెండు రోజులకు వేరే లెక్క

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, జీతం రూ.36 వేలు. ఆర్‌డీలో కూడబెట్టిన రూ.80 వేలతో వచ్చే నెల ఒక్కదాన్నే బ్యాంకాక్ వెళ్తున్నాను. హైదరాబాద్ నుంచి టికెట్లకూ, ఐదు రాత్రుల హోటల్‌కూ కలిపి రూ.35 వేలు కట్టేశాను. మిగతా రూ.45 వేలు క్యాష్‌గా మార్చుకోమని నాన్న, కార్డు చాలని స్నేహితురాలు అంటున్నారు. ఈలోగా రూ.50 వేల పర్సనల్ లోన్ ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ మాత్రం వద్దు. ఐదు రోజుల సరదాకు రెండేళ్లు ఈఎంఐ కట్టడం మీ జీతానికి భారం. సొంత డబ్బుతో వెళ్తున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. దాన్ని అలాగే ఉండనివ్వండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వేరే విషయం. ఈ ఆర్‌డీ తప్ప మీకు ఇంకో పొదుపు ఉన్నట్టు లేదు. కాబట్టి 45 వేలలో 15 వేలు ఇక్కడే బ్యాంకులో ఉంచి, అవి లేవనుకోండి. తిరిగొచ్చాక అత్యవసర నిధి అక్కడి నుంచే మొదలవుతుంది. ఇక చేతిలో 30 వేలు. థాయ్‌లాండ్ కరెన్సీ అయిన బాట్ ధర రోజూ మారుతుంది కాబట్టి భద్రంగా 3 రూపాయల లెక్కన వేసుకుంటే 10 వేల బాట్లు. హోటల్ ముందే కట్టేశారు కాబట్టి ఐదు రోజులకు హాయిగా సరిపోతాయి.

అయితే రోజుకు 2,000 అని సమానంగా పంచకండి. కొత్త ఊళ్లో డబ్బు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ కారిపోతుంది. సిమ్ కార్డు, హోటల్ వాళ్లు అడిగే డిపాజిట్, గ్రాండ్ ప్యాలెస్ టికెట్ 500 బాట్లు, పక్కనే ఉన్న వాట్ ఫో గుడికి మరో 300, అన్నీ అప్పుడే వస్తాయి. ఏది ఎంతుంటుందో తెలియక అడిగినంతా ఇచ్చేస్తాం. అందుకే తొలి రెండు రోజులకు 4,500 బాట్లు పక్కన పెట్టండి. డిపాజిట్ ఎలాగూ వెనక్కి వస్తుంది. మూడో రోజుకు ధరలు మీకే తెలిసిపోతాయి.

నా మొదటి ప్రయాణంలో జరిగింది చెబుతాను. అర్ధరాత్రి దిగి, నిద్రమత్తులో ఏటీఎం ముందు నిలబడ్డాను. తెర మీద బాట్లతో పాటు రూపాయల్లో కూడా అంకె చూపించి, ఆ రేటుకు ఒప్పుకుంటారా అని అడిగింది. మన రూపాయి కనిపించగానే ప్రాణం లేచొచ్చినట్టయి ఒప్పుకున్నాను. అది మెషీన్ సొంత రేటు. మన బ్యాంకు రేటు కంటే బాగా ఎక్కువ పడిందని ఇంటికొచ్చి స్టేట్‌మెంట్ చూసుకుంటే గానీ తెలియలేదు. మీరు ‘వితౌట్ కన్వర్షన్’ అన్నదే నొక్కండి. పైగా విదేశీ కార్డుతో డబ్బు తీసిన ప్రతిసారీ అక్కడి ఏటీఎంలు సాధారణంగా 220 బాట్లు కోస్తాయి. రెండేసి వేల చొప్పున ఐదుసార్లు తీస్తే 1,100 బాట్లు, అంటే మీ లెక్కలో రూ.3,300 పోయినట్టే. తీస్తే ఒక్కసారే తీయండి.

నాన్నగారి మాట సగం నిజం. రెండు 100 డాలర్ల నోట్లు తీసుకెళ్లండి. అవి మడతలు, మరకలు లేనివి కావాలి. చిన్న నోట్ల కంటే 100 నోటుకే మంచి రేటు ఇస్తారు. సువర్ణభూమి విమానాశ్రయంలో బయటికొచ్చే అంతస్తులో కనిపించే కౌంటర్ల దగ్గర ఆగకండి. రైలు స్టేషన్ ఉన్న కింది అంతస్తుకు దిగితే సూపర్‌రిచ్ లాంటి, డబ్బు మార్చే కౌంటర్లుంటాయి, రేటు తేడా బోర్డు మీదే కనబడుతుంది. పాస్‌పోర్టు చూపించి ఒక్క నోటే మార్చుకోండి. అక్కడి నుంచే నగరంలోని ఫయా థాయ్ స్టేషన్ వరకు రైలు, టికెట్ 45 బాట్లు. రాత్రి ఆలస్యమైతే మాత్రం మీటర్ ట్యాక్సీ ఎక్కండి. మీటర్‌పై 50 బాట్ల ఎయిర్‌పోర్టు ఛార్జీ, టోల్ అదనం. ఒంటరిగా వెళ్లే అమ్మాయి ఆ డబ్బు దగ్గర వెనకాడకూడదు.

మిగతా డబ్బు ఫారెక్స్ మార్కప్ (విదేశీ ఖర్చుపై బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) లేని డెబిట్ కార్డులో ఉంచండి. క్రెడిట్ కార్డు ఉంటే హోటల్ డిపాజిట్‌కూ, ఆస్పత్రి లాంటి అవసరానికీ వాడండి. దాంతో క్యాష్ తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ. రెండు కార్డులూ ఒకే పర్సులో వద్దు. మన యూపీఐ అక్కడ పనిచేస్తుందని నమ్ముకుని వెళ్లకండి. వీధి బండ్ల దగ్గర కనిపించే క్యూఆర్ వాళ్ల సొంత చెల్లింపు వ్యవస్థ ప్రాంప్ట్‌పేది.

ప్యాలెస్ గేటు దగ్గర ఎవరో మర్యాదగా వచ్చి, ఈరోజు మూసేశారు, తక్కువకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లు తిప్పుతామంటారు. ఆ బండి చివరికి రత్నాల దుకాణం ముందే ఆగుతుంది. నేరుగా టికెట్ కౌంటర్‌కే వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమం ఉంది. చుడీదార్ వేసుకుంటే అక్కడ బట్టలు కొనే ఖర్చు తప్పుతుంది.

విదేశీ ఖర్చుపై ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) గురించి టెన్షన్ వద్దు, మీ మొత్తానికి అది వర్తించదు. ప్రయాణ బీమా మాత్రం బయల్దేరే ముందే తీసుకోండి. థాయ్‌లాండ్‌లోకి వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఫారం, డిజిటల్ అరైవల్ కార్డు, పూర్తిగా ఉచితం. చేరే రోజుకు మూడు రోజుల ముందు నుంచి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే నింపాలి, డబ్బు అడిగితే అది వేరే సైటని గుర్తించండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి పరిమితి పెట్టుకోండి. 2020 నుంచి కొత్త కార్డులకు అది మూసే ఉంటోంది. విజయవాడలో ఉండగానే ఆ మీట మీ చేత్తో మార్చి చూసుకోండి.